దర్శి రోడ్డు సూపర్ కంప్యూటర్

వెంకటనారాయణకు కాలేజీ కంటే ముందు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉండేది. బస్తాలను ఏడాది పొడుగునా చెడిపోకుండా నిలవ ఉంచినవాణ్ణి, పిల్లల్ని నాలుగేళ్ళు ఉంచలేనా అనుకుని పక్కనే ఇంజనీరింగ్ కాలేజీ కట్టాడు. దర్శి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకు ముందు ఘాటు తగులుతుంది, తర్వాత కాలేజీ వస్తుంది. తుమ్మి తలెత్తేసరికి అది దాటిపోతుంది. అందుకని ఆయనకు ఒక పెద్ద బోర్డు కావాల్సి వచ్చింది. బోర్డు మీద రాయడానికి ఏదైనా కావాలి కదా, అదే దొరకలేదు.

ఆ కాలేజీలో బిందుమాధవి కెమిస్ట్రీ చెబుతుంది. ఆమె సొంత పని వేరే. మిరపకాయకు కారాన్నిచ్చే అణువు మన నరాల్లోని ప్రోటీనుకు ఎలా అతుక్కుంటుందో, అతుక్కున్నాక ఎలా కదులుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టి చూడటం. దాన్ని సిమ్యులేషన్ అంటారు. కాలేజీ ఇచ్చిన కంప్యూటర్ మీద ఆ లెక్క మొదలుపెడితే ఆమె రిటైరయ్యేలోపు తేలదు. యూనివర్సిటీ వాళ్ళేమో ఈ డిసెంబరులోగా థీసిస్ ఇవ్వకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దన్నారు. "పోతే పోనీ. కారం ఎందుకు మండుద్దో తెలిస్తే మండటం మానుద్దా?" అన్నాడు ఆమె మొగుడు. ఆ మాటతో పట్టుదల ఇంకా పెరిగింది.

అలాంటప్పుడు ఆ నెట్‌వర్క్ సంగతి తెలిసింది. ఆఫీసు యూరప్‌లో. ఇలాంటి లెక్కలను దేశదేశాల్లో ప్రోత్సహించడం దాని పని. ఏదైనా కాలేజీని నోడ్‌గా, అంటే తన శాఖగా, చేర్చుకుంటే అక్కడి పెద్ద కంప్యూటర్లను ఇక్కడి నుంచే కొన్ని వేల గంటలు వాడుకోనిస్తుంది. బిందుమాధవికి ఒక్క నెల చాలు. దరఖాస్తు తనే రాసింది. చూడటానికి మనిషి వస్తుందని జవాబొచ్చింది. నోడ్‌కు కనీస సదుపాయం ఉండాలని అందులో ఒక ముక్క ఉంది.

ఆ ముక్క దగ్గర అందరూ ఆగారు.

"కనీస సదుపాయమంటే ఏంటమ్మా?" అన్నాడు వెంకటనారాయణ. పక్కన ఆయన అల్లుడు శ్రీకృష్ణ కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ అతనే.

"చాలా కంప్యూటర్లు కలిపి ఒక్కటిగా పనిచేయించే క్లస్టర్ అయ్యుంటదండి. మన దగ్గర లేదని రాసేస్తానండి."

"లేదని రాస్తావా? పెళ్ళిచూపులకెళ్ళి, మావాడికి ఉద్యోగం లేదండీ అని మనమే చెప్పుకుంటామా?"

"మరి కొంటారా అండి?"

"కొంటానని ఎవరన్నారు? ఉన్నట్టుండాలి. ఇన్‌స్పెక్షన్‌కి మన లైబ్రరీ ఉన్నట్టు లేదూ?"

ఉన్నట్టే ఉంది. ఇన్‌స్పెక్షన్ నాటి పొద్దున ఒంగోలు నుంచి లారీలో వచ్చి, సాయంత్రం అదే లారీలో వెళ్ళిపోయే లైబ్రరీ అది. కొందరు ప్రొఫెసర్లు కూడా అంతే, భోజనం చేసి వెళ్తారు. బిందుమాధవి అలా ఒక్కరోజుకని వచ్చి మిగిలిపోయిన మనిషి. ముందు చూపించనిదే ఎవరూ ఏదీ ఇవ్వరన్నది ఆ గదిలో ముగ్గురికీ బాగా వచ్చిన శాస్త్రం.

"సిమ్యులేషన్ అంటేనే ఉన్నట్టు చేసి చూపించటం కదా మావయ్యగారూ," అన్నాడు శ్రీకృష్ణ.

ఆ నెట్‌వర్క్ గురించి అతను అర్థం చేసుకున్నది అదొక్కటే. అదీ పూర్తిగా తప్పు కాదు.

యలమందను పిలిపించారు. కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభలకు లైటింగ్ కట్టేవాడు. ఆకాశమంత ప్రభ మీద బల్బులతో దేవుళ్ళను నడిపిస్తాడు, నెమళ్ళ చేత పురి విప్పిస్తాడు. శివరాత్రి అయిపోయి ఖాళీగా ఉన్నాడు. స్టాఫ్ రూముల్లో ఉన్న ఇనుప బీరువాలన్నీ కోల్డ్ స్టోరేజీ ముందుగదిలోకి మోయించారు. పెద్ద కంప్యూటర్లకు చల్లదనం కావాలని వెంకటనారాయణ ఎక్కడో విన్నాడు. చుట్టుపక్కల అంతకంటే చల్లటి చోటు లేదు. బీరువాల తలుపులు తీసేసి నల్ల అద్దాలు బిగించారు. అద్దాల వెనక యలమంద బల్బులు.

"మేడమ్, మెరవాలా, పరిగెత్తాలా?"

"ప్రోగ్రామ్ నడుస్తున్నట్టుండాలి."

"అంటే రన్నింగే. ఎడం నుంచి కుడికా, కుడి నుంచి ఎడానికా?"

"ఏదో ఒకటి పెట్టు యలమందా."

"అట్టాగంటే ఎట్టా మేడమ్? నడిచేది దేవుడా రాక్షసుడా తెలిస్తే గదా దిక్కు తెలిసేది. దేవుడైతే కుడికి పోవాల."

"అణువు."

యలమంద వైరు చుట్ట భుజానికెత్తుకున్నాడు. "అది మాకు కొత్త ఐటం. దేవుడి కిందే వేస్తాలే."

తొండం ఎత్తి దించే ఏనుగు ఒకటి మిగిలిపోయిందనీ, మధ్య బీరువాలో ఊరికే పెడతాననీ అన్నాడు. బిందుమాధవి వద్దంది. ఈ వ్యవహారం మొత్తంలో ఆమె చేసిన శాస్త్రీయమైన పని అదొక్కటే.

నెట్‌వర్క్ మనిషి ఏప్రిల్లో వచ్చింది. పేరు మార్గరేటా. ఒకప్పుడు ఈ లెక్కలు బాగానే వేసిందట. మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు లెక్కలు వేసేవాళ్ళకు సభలు పెడుతుంది. తర్వాతి సభ ఎక్కడ పెట్టాలో ఆ సభల్లో తీర్మానిస్తారు. గేటు దగ్గర 'అంతర్జాతీయ అణు కేంద్రానికి స్వాగతం' అని ఫ్లెక్సీ కట్టారు. అది చూసి పక్క ఊరి రైతులు వచ్చారు. పొలాలు ఎప్పుడు తీసుకుంటారు, రాజధానికని తుళ్లూరులో ఇచ్చినట్టు ప్లాట్లు ఇస్తారా అని అడిగారు. అణుకేంద్రం కాదు, మీ పొలాలు ఎక్కడికీ పోవు అని చెబితే మొహాలు వేలాడేసుకుని వెళ్ళారు.

కోల్డ్ స్టోరేజీకి అప్పుడే కొత్త పంట దిగుతోంది. ముందుగది తలుపు తీయగానే మార్గరేటా తుమ్మింది. తుమ్ము మీద తుమ్ము. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతుంటే రుమాలు అడ్డం పెట్టుకుని బీరువాల వైపు చూసింది. లైట్లు ఒకటికి నాలుగుగా కనిపించి ఉండాలి. కంప్యూటర్ అక్కడికక్కడే నాలుగింతలైంది.

"ఇంత పెద్దదా," అంది ఇంగ్లీషులో. "ఇప్పుడు దీని మీద ఏం నడుస్తోంది?"

అడిగింది బిందుమాధవిని. వెంకటనారాయణ చేతులు వెనక్కి కట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. శ్రీకృష్ణ ఫోటోలు తీస్తున్నాడు. నిజం చెబితే నోడ్ రాదు. నోడ్ రాకపోతే గంటలు రావు. గంటలు రాకపోతే డిసెంబరు మాత్రం వస్తుంది.

"నా లెక్కే. మిరప కారం మీద," అంది బిందుమాధవి.

అంతలో కరెంటు పోయింది. బీరువాలు నల్లబడ్డాయి. జనరేటర్ అందుకోగానే మళ్ళీ వెలిగాయి. కాకపోతే ఈసారి లైట్లు కుడి నుంచి ఎడమకు పరిగెత్తాయి.

"వెనక్కి వెళ్తోందేం?"

"లెక్క సరిచూసుకుంటోంది."

మొదటి అబద్ధానికి ఆమె అంత లెక్క వేసుకుంది. దీనికి వేసుకోలేదు. గుమ్మంలో నిలబడ్డ యలమంద లైట్లు నడిచే దిక్కు చూసి చెంపలేసుకున్నాడు.

సెమినార్ హాల్లో మార్గరేటా మాట్లాడింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇక్కడ ఏమీ ఉండదనుకుని వచ్చానంది. కనీస సదుపాయమంటే కరెంటూ ఇంటర్నెట్టూ ఉంటే చాలన్నదే తమ ఉద్దేశమంది. ఏమీ లేనివాళ్ళకే తాము గంటలిస్తామంది. ఇంత యంత్రం ఉన్న కాలేజీకి అవి ఇవ్వడం అన్యాయమంది. కాబట్టి ఇది పుచ్చుకునే నోడ్ కాదు, ఇచ్చే నోడ్. ఈ యంత్రం మీద పేద దేశాల వాళ్ళకు కొన్ని గంటలు ఇవ్వగలరా?

శ్రీకృష్ణ తెలుగులో చెప్పాడు. వెంకటనారాయణకు 'ఇచ్చే' అన్న మాట చెవికి ఇంపుగా తగిలింది. ఇంతవరకూ ఆయన్ని ఎవరూ ఆ మాట అనలేదు.

"ఎన్ని కావాలంటే అన్ని ఇస్తామని చెప్పండి అల్లుడుగారూ. రాత్రిళ్ళు కూడా ఇస్తాం."

చప్పట్లు కొట్టారు. బిందుమాధవి కూడా కొట్టింది. కొట్టాక తెలిసింది, దేనికి కొట్టిందో. లేదని రాసి ఊరుకుంటే సరిపోయేది.

భోజనాల దగ్గర బిందుమాధవికి మార్గరేటా ఒక్కతే దొరికింది. మంట తగ్గడానికి గ్లాసుడు మజ్జిగ తాగుతోంది.

"మేడమ్, మాకు కూడా కొన్ని గంటలు ఇప్పిస్తే..."

"మీకెందుకు? పక్కనే అంత పెట్టుకుని," అని నవ్వింది మార్గరేటా.

"అది... నిజానికి..."

వెంకటనారాయణ గోంగూర గిన్నె పట్టుకుని వచ్చి మధ్యలో నిలబడ్డాడు. "ఏంటమ్మా, మేడమ్ గారిని ఏదో అడుగుతున్నావు?"

"ఇంకాస్త మజ్జిగ పోయించమంటారా అని అడుగుతున్నానండి."

మార్గరేటాకు తెలుగు రాదు. మజ్జిగ అన్న మాట పట్టుకుని గ్లాసు చాపింది.

జూన్‌కల్లా బోర్డు లేచింది. శ్రీకృష్ణ నోడ్ డైరెక్టరయ్యాడు. బిందుమాధవిని డిప్యూటీ అన్నారు, జీతం పాతదే. డిసెంబరులో ఆమె రిజిస్ట్రేషన్ పోయింది. ఇంట్లో చెబితే మొగుడు టీవీ శబ్దం తగ్గించాడు. అదే ఎక్కువ బాధించింది.

జనవరిలో మలావీ దేశం నుంచి చికొండి అనే అమ్మాయి మెయిల్ రాసింది. మలేరియా మందు అణువు మీద లెక్క. వాళ్ళ కాలేజీలో ఏమీ లేదట, ఆ సంగతి దాచకుండా రాసింది. మీ యంత్రం మీద గంటలు అడగమని నెట్‌వర్క్ వాళ్ళు చెప్పారంది. ఈ ఏడాదిలోపు తేలకపోతే తన పీహెచ్‌డీ పోతుందంది. ఒక్క నెల చాలంది.

బిందుమాధవి రెండు వారాలు జవాబివ్వలేదు. మళ్ళీ మెయిల్ వచ్చింది. శ్రీకృష్ణ ఆమె గదికి వచ్చాడు.

"ఆ మలావీ పిల్లకి ఏదో ఒకటి రాయండి మేడమ్. పైకి రాసిందంటే బోర్డు పీకిస్తారు."

"ఏం రాయమంటారు?"

"అదంతా మీకు తెలిసిందేగా. మీ సబ్జెక్టేగా."

అతను వెళ్ళిపోయాడు. ఇక్కడేమీ లేదు, వేరేచోట అడుక్కో అని ఒక్క ముక్క రాస్తే ఆ పిల్ల బయటపడుతుంది. బిందుమాధవికి అది తెలుసు. తెలిసే, 'మీ లెక్క అందింది, వరుసలో ఉంది, ఓపిక పట్టండి' అని రాసి పంపింది.

గంటలోపే జవాబొచ్చింది. చికొండి చాలా కృతజ్ఞతలు చెప్పింది. వరుసలో తనకంటే ముందు ఎంతమంది ఉన్నారో చెప్పగలరా అని అడిగింది.

తన మిరప కారం లెక్క ఇంకా మొదలే కాలేదు. ఈ ఒక్క ప్రశ్నకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. ఒక్కరే, అని రాసింది బిందుమాధవి.