పసుపునీళ్ళు పడ్డ తాడు

బెంజిమిన్ నడుముకు తాడు కట్టుకుని బావి గట్టు మీద నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. వెల్దుర్తి దాటాక నీడన్నది లేదు. బావి అడుగున మోటారు బురదలో కూరుకుపోయింది. బావి ఆసామి చెన్నకేశవులు మిరపతోట నీళ్ళందక తలలు వేలాడేసింది. ఆయన ఇంటికి తాగేనీళ్ళు కూడా ఆ బావివే. అందుకని ఆయన తల్లి వెంకాయమ్మ బిందెడు పసుపునీళ్ళు తెచ్చి, గట్టు మీద చుట్టగా పడున్న తాడు మీద, నడుము ముడి దాకా తడిసేలా గుమ్మరించింది.

బెంజిమిన్ పెళ్ళాం కరుణమ్మ తాడు దగ్గరకు ఉరికింది. మొగుడు దిగితే పైన తాడు పట్టేది ఆమే, ఇంకో ఇద్దరితో కలిసి.

"ఎందుకమ్మా తడిపారు? ఆరబెట్టి తెచ్చుకున్నాం గదా."

"తడిస్తేనే తాడుకి బలమే. మా మామ నాటి నుంచీ ఇదే పద్ధతి."

ముసలమ్మ చెప్పింది సగం నిజమే. ఆ రోజుల్లో జనుప తాళ్ళు, తడిస్తే గట్టిపడేవి. మిగతా సగం ఊరంతటికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఎస్సీ కాలనీ చేతులు తాకిన తాడు శుద్ధి కాకుండా తాగేనీళ్ళలోకి దిగకూడదు. మరి ఆ కాలనీ మనిషి దిగొచ్చా అంటే, బురదలో ఆ పని ఇంకెవరు చేస్తారు? ఆచారానికి ఆమాత్రం తెలివి ఎప్పుడూ ఉంటుంది.

నిరుడు కరుణమ్మ తమ్ముడు మోషే పక్క ఊళ్ళో ఇలాగే దిగాడు. తడిసిన నైలాన్ తాడు రాతి అంచుకు ఒరుసుకుని తెగింది. సరిగ్గా తడపలేదు, అందుకే తెగిందన్నారు జనం. తెగిన ముక్క పట్టుకుని ఆమె మాచర్లలో తాళ్ళమ్మే యాకూబ్ దగ్గరకు వెళ్ళింది.

"ఇది నైలాన్ అమ్మా," అన్నాడాయన. "తడిస్తే బలం తగ్గిద్ది. రాయికి తొందరగా కోసుకుపోద్ది. ఆరితే మళ్ళీ కుదురుకుంటది."

శవం ముందు కూడా ఏడవనంత ఏడుపు ఆ కొట్టు ముందు ఏడ్చింది కరుణమ్మ.

ఈ తాడూ నైలాన్‌దే. ఇప్పుడు మొగుడి దగ్గరకు వచ్చి, "ఏమయ్యా, ముడిప్పు. ఆరిందాకా దిగబాక," అంది.

"ఊరుకోవే. పెద్దోళ్ళతో మనకెందుకు?"

"ఏందే కరుణమ్మా, చేను చస్తంటే తాడు ఎండేసుకుంటా కూచుంటారా?" చెన్నకేశవులు ఫోన్ తీశాడు. "దిగకపోతే చెప్పండి, దుర్గి నుంచి వేరేవాళ్ళని పిలుస్తా."

"ఆరినాక దిగుతాడయ్యా. మళ్ళీ మాత్రం కడగబాకండి. ఇట్టా తడి మీద దిగితే నేను తాడు పట్టను."

తడపటమనే తప్ప, కడగటమన్న మాట ఆ బావి దగ్గర ఇంతవరకూ ఎవరూ అనలేదు. వెంకాయమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. తాడు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు మెల్లగా చెయ్యి వదిలాడు. రెండోవాడు అతణ్ణి చూసి తానూ వదిలాడు. బెంజిమిన్ కాసేపు బావిలోకి చూసి, నడుము ముడి మీద చెయ్యి వేశాడు. తడికి బిగుసుకున్న ముడి ఓ పట్టాన రాలేదు.

చెన్నకేశవులు నంబరు నొక్కుతున్నాడు.

"పిలవండయ్యా," అంది కరుణమ్మ గట్టు మీద చతికిలబడుతూ. "వాళ్ళొచ్చిందాకా ఈడే ఉంటా. వాళ్ళకీ చెబుతా."