వైపరు కింద పర్చీ

జనక్‌పురిలో సరోజినిగారింట పొద్దున్నే ముందు పాలు వస్తాయి, ఆ తర్వాత పర్చీ వస్తుంది, ఆ తర్వాతే కాఫీ. పర్చీ తెచ్చేవాడు బన్వారీ. బ్లాకులో కార్లన్నీ తుడిచేది అతనే. తడిగుడ్డ భుజాన వేసుకుని మెట్లెక్కి, తలుపు కొట్టి, "మాతాజీ, ఆజ్ కీ పర్చీ" అని చేతికిచ్చి వెళ్లిపోతాడు.

అది పార్కింగ్ చీటీ. కింద వేపచెట్టు పక్కన నిలబడి ఉన్న నీలం మారుతి కారు వైపరు కింద దొరుకుతుంది. సరోజిని భర్త వీరరాఘవులు పోయి ఏడాదిన్నర అయింది. అప్పట్నుంచీ ఆ కారు చోటు కదల్లేదు. బన్వారీ వారానికోసారి స్టార్టు చేసి, నెలకోసారి గాలి కొట్టిస్తాడంతే. అయినా రోజుకో చీటీ చొప్పున, కారు కొన్న నాటినుంచీ ఆయన ఎక్కడెక్కడ దాన్ని నిలిపాడో ఆ చీటీలన్నీ వరసగా వస్తున్నాయి. మొదటిది బిర్లా మందిర్‌ది, కొత్తకారు పూజనాటిది. ఆ తర్వాత కరోల్ బాగ్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఇండియా గేట్. ఆయన బండి నిలిపిననాడు వాన పడి ఉంటే చీటీ తడిగా వచ్చేది. ఒకసారి ఆంధ్రా భవన్ చీటీ మీద పసుప్పచ్చటి వేలిముద్ర ఉంది. "చూశావుటే, సాంబారు చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే బండెక్కారు మహానుభావుడు" అని సరోజిని కూతురితో మురిపెంగా విసుక్కుంది.

కాలనీలో ఎవరికీ ఇందులో వింతేమీ కనపడలేదు. కింద వాటా చడ్డా ఆంటీ పొద్దున్నే తులసికి నీళ్లు పోస్తూ, "ఆజ్ భాయీసాబ్ కహా గయే థే?" అని అడిగేది. ఆయన ఎక్కడికెళ్లారో చీటీ చూసి సరోజిని ఊరి పేరో, బజారు పేరో చెప్పేది. కాలనీ సంఘం కార్యదర్శి మాత్రం ఒకసారి, పర్చీలు మెట్ల మీద పడేసి చెత్త చేయవద్దని నోటీసు బోర్డులో పెట్టాడు. ఈ ఇంట్లో వాళ్లు ఒక్క పర్చీ పారేస్తే కదా! అన్నీ దీపావళి మిఠాయి డబ్బాలో పదిలంగా ఉన్నాయి.

చీటీ వెనక్కి తిప్పితే ఆయన రాత కూడా ఉండేది. వీరరాఘవులు ముప్పై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఫైళ్ల మీద నోటింగులు రాసిన మనిషి. ఆ అలవాటు ఇంటికొచ్చినా వదల్లేదు. గ్యాసు పుస్తకం మీద "సిలిండరు మార్చడమైనది", మందుల సీసా మీద "సగము మిగిలినది" అని రాసి, కింద "వీ.రా." అని పొడి సంతకం, తేదీ. కూతురు శరణ్య చిన్నప్పుడు ఆయన్ని 'ఫైలు నాన్నా' అని ఏడిపించేది.

శరణ్యకి ఇప్పుడు ముప్పై ఒకటి. గురుగ్రామ్‌లో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉద్యోగం. మెట్రోలో మెజెంటా లైనెక్కి, దారిలో ఇంకో లైను మారి వెళుతుంది, అలాగే వస్తుంది. బ్లూ లైన్ ఎక్కదు. కనాట్ ప్లేస్‌లో పనున్నా చుట్టు తిరిగే వెళుతుంది. బ్లూ లైన్ ఓల్డ్ రాజిందర్ నగర్ పక్కనుంచి పోతుంది మరి. ఎనిమిదేళ్ల కిందట అక్కడ ఏడాదిపాటు సివిల్స్ కోచింగు తీసుకుంది. నాన్న పీఎఫ్ డబ్బు తీసి ఫీజు కట్టాడు. పరీక్ష మొదటి మెట్టు మీదే తప్పింది. ఫలితాలు వచ్చిననాడు నాన్న పరీక్ష గురించి ఒక్క మాటా అనలేదు. "పెరుగన్నం తిని పడుకో అమ్మా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మౌనాన్ని ఆమె నిరాశ అనుకుంది. మళ్లీ పుస్తకం ముట్టుకోలేదు. ఆయనా మళ్లీ ఆ ఊసెత్తలేదు.

జనవరి చలిలో ఒక బుధవారం రిజిస్టర్డ్ పోస్టులో, ఒక పార్కింగు కంపెనీ తరఫున లాయరు నోటీసు వచ్చింది. వీరరాఘవులు వారసులకు అని పేరు. రెండువేల పదిహేడు జులై నుంచి మరుసటేడు జూన్ దాకా నలభై ఒక్క ఆదివారాలు ఫలానా నంబరు నీలం కారును ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని ప్రైవేటు పార్కింగులో నిలిపి రుసుము ఎగవేశారట. జరిమానా, వడ్డీ కలిపి అరవై ఒక్కవేల అయిదువందలు. పదిహేను రోజుల్లో కట్టకపోతే కోర్టుకు వెళతామన్నారు. దానితోపాటు ఇంకో కాగితం, అచ్చువేసి సిద్ధంగా ఉంది. "పై బాకీ ఒప్పుకుంటున్నాను, మూడు వాయిదాల్లో కడతాను" అని. కింద సంతకానికి గీత.

సరోజిని అంకె వైపు చూడనే లేదు.

"ఆదివారాలేమిటే? ఆదివారాలు ఆయన ద్వారకాలో జనార్దనరావు అన్నయ్యగారింట్లో పేకాట్లో ఉండేవారు కదా! దానికోసం నేను ఎన్నిసార్లు పోట్లాడాను!"

"నంబరు పొరపాటై ఉంటుందిలే అమ్మా" అంది శరణ్య. ఆ పేట పేరు మాత్రం మళ్లీ మళ్లీ చదివింది. ఆదివారాలు తనకు అక్కడ టెస్టులు ఉండేవి. కానీ తను మెట్రోలో వెళ్లేది. దింపుతానని నాన్న మొదటి వారమే అడిగితే, "నేనేం చిన్నపిల్లనా? అందరూ నవ్వుతారు, నువ్వు రావద్దు" అని మొహం మీదే చెప్పింది.

మర్నాడు లాయరు తాలూకు మనిషి ఫోను చేశాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, కోర్టు కచేరీ మీకెందుకు? సంతకం పెట్టి పంపండి. కుదరదంటే ఆ బండి ఇచ్చెయ్యండి, లెక్క సరిపెడతాం. ఎలాగూ పదిహేనేళ్లు నిండితే తుక్కుకే కదా పోయేది."

అది విని సరోజిని బెదిరిపోయింది. "ఆయన బతికుండగా ఈ గడప దగ్గరికి కోర్టు కాగితం రాలేదు. ఆసుపత్రి అప్పే ఇంకా తీరలేదు, ఇంత డబ్బు ఎక్కణ్నుంచి తెస్తాం? బండి ఇచ్చేద్దామే" అంది. అని, లేచి వెళ్లి మిఠాయి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూచుంది.

శరణ్యకి ఆ డబ్బా చూస్తే భయమేసింది. నాన్న పోయిన మొదటి పదమూడు రోజులూ అమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. పద్నాలుగో రోజున బన్వారీ మొదటి పర్చీ పట్టుకొచ్చాకే లేచి కాఫీ పెట్టుకుంది. కారు వెళ్లిపోతే పర్చీలు ఆగిపోతాయి. అమ్మ మళ్లీ గోడవైపు తిరుగుతుంది. సంతకం పెట్టేసి, ఎక్కడో అప్పు చేసి వాయిదాలు కట్టడమే మేలనిపించింది. శనివారం సాయంత్రం పెన్ను తీసింది కూడా.

సరిగ్గా అప్పుడే జనార్దనరావు వచ్చాడు. పేకాట సంగతి తేల్చుకుందామని సరోజినే పిలిపించింది. ఆయన న్యాయశాఖలో పనిచేసి రిటైరైన మనిషి. మఫ్లరు విప్పకుండానే కూచున్నాడు.

"నిజం చెప్పండి అన్నయ్యగారూ. ఆదివారాలు ఆయన మీ ఇంటికి వచ్చేవారా?"

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. "లేదమ్మా. రాఘవులు నా ఇంట్లో పేకముక్క పట్టుకున్న పాపాన పోలేదు. ఆదివారాలు నీ పేరు వాడుకుంటానోయ్, కారణం అడక్కు అన్నాడు. అడగలేదు. ఏడాదిపాటు నీచేత తిట్లు మాత్రం నేను తిన్నాను."

సరోజిని మొహం ఎర్రబడింది. ఆయన చెయ్యి చాచి శరణ్య ముందున్న కాగితాలు అందుకుని, కళ్లజోడు పైకెత్తి చదివాడు.

"దీనిమీద సంతకం పెడుతున్నావా? ఆగు తల్లీ, ఆగు. ఎప్పటి బాకీ ఇది? మూడేళ్లు దాటిన బాకీకి దావా వేస్తే కోర్టులో నిలవదు. అది వాళ్లకీ తెలుసు. అందుకే ఈ రెండో కాగితం. కడతానని నువ్వు సంతకం పెట్టావనుకో, చచ్చిన బాకీ లేచి కూచుంటుంది. మనవాళ్లు కోర్టు అన్న మాటకే బెదిరి సంతకాలు పెట్టేస్తారు. వాళ్ల వ్యాపారమంతా ఆ బెదురు మీదే."

"అచ్ఛా, అయితే ఊరుకోమంటారా అంకుల్?"

"ఊరుకోకూడదు. జవాబు రాయి. ఒప్పుకోవడం లేదను. గడువు దాటిందను. అసలు చీటీలు, ఆ స్థలం మీద వాళ్లకున్న హక్కు పత్రం చూపించమను. కట్టినట్టు మనదగ్గర రుజువుంటే మరీ మంచిది."

"రుజువు ఎక్కడుంటుంది అంకుల్, ఇన్నేళ్లయ్యాక?"

జనార్దనరావు మిఠాయి డబ్బా వైపు చూసి, "ఇప్పుడు ఎందాకా వచ్చాయి?" అని అడిగాడు.

"నిన్నటిది రెండువేల పదిహేడు జూన్‌లో ఆఖరుది, అన్నయ్యగారూ" అంది సరోజిని.

మర్నాడు ఆదివారం. బన్వారీ కోసం తల్లీకూతుళ్లిద్దరూ తలుపు తీసి పెట్టుకునే కూచున్నారు. పర్చీ వచ్చింది. ఓల్డ్ రాజిందర్ నగర్, జులై రెండు. లోపలికి తొమ్మిదీ అయిదు, బయటికి ఒకటీ నలభై. పక్కన వంగపండు రంగు ముద్ర, 'నెల పాసు' అని, ఒక నంబరు. వెనక పెన్సిలు రాత.

"నెల పాసు రుసుము చెల్లించడమైనది. అమ్మాయి తొమ్మిదింబావుకు లోపలికి పోయినది. ఒకటిన్నరకు బయటకు వచ్చినది. నలుగురు స్నేహితులతో నవ్వుతున్నది. పలకరించలేదు. వీ.రా."

శరణ్య దాన్ని రెండుసార్లు చదివింది. ఆ టెస్టు వేళలు ఆమెకు ఇప్పటికీ కంఠతా వచ్చు. తొమ్మిదిన్నరకి పరీక్ష, పన్నెండున్నరకి చర్చ, ఒకటిన్నరకి వదిలేవారు. అంతసేపూ ఆయన ఆ సందు మొగలో, కారులో కూచునే ఉన్నాడు. తను రావద్దంది కాబట్టి కనపడకుండా వచ్చాడు. ఆమెకు ఏడుపు ఆగలేదు. తల్లి చీటీ లాక్కుని చదివి, "పేకాటన్నారే! ఎంత అబద్ధమాడారే!" అంటూ తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత వరసగా వచ్చాయి. వారం మధ్యలో ఆయన మెట్రోలోనే ఆఫీసుకు వెళ్లేవాడు కాబట్టి ఎక్కువ చీటీలు ఆదివారాలవే. "అమ్మాయి గొడుగు మరచినది. తడిసినది. గొడుగు మన వద్ద కలదు, ఇచ్చుటకు వీలుపడలేదు." ఇంకోటి, "మార్కులు తగ్గినట్లున్నవి. మెట్ల మీద కూర్చుని ఏడ్చినది. స్నేహితురాలు సమోసా పెట్టినది. తిన్నది. మనసు కుదుటపడినది." ఎవరి మనసో ఆయన రాయలేదు. ప్రతి చీటీ మీదా పాసు నంబరు మాత్రం స్పష్టంగా ఉంది.

నోటీసు వచ్చిన పన్నెండో రోజున శరణ్య జవాబు రాసింది. ఇంగ్లీషులోనే రాసిందిగానీ వరసంతా నాన్నదే. పైన విషయం, కింద సూచిక, పేరాకో నంబరు, ఒక్క మాట ఎక్కువ లేదు. బాకీ ఒప్పుకోవడం లేదు. గడువు దాటింది. ఆధారాలు చూపండి. పాసు కట్టిన చీటీల నకళ్లు ఎనిమిది జతచేశాం. జనార్దనరావు చదివి, "రాఘవులు ఫైలు చదివినట్టే ఉందమ్మా" అని కళ్లజోడు తుడుచుకున్నాడు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రశీదు అమ్మ చేతికిచ్చింది. అదీ డబ్బాలోకే వెళ్లింది.

వారం తర్వాత ఆ మర్యాదస్తుడు ఫోను చేశాడు. ఇన్నేళ్ల పర్చీలు అంత కొత్తగా ఎలా ఉన్నాయని కూడా అడగలేదు. "ఠీక్ హై మేడమ్, పాసుల పుస్తకం పాత కాంట్రాక్టరు దగ్గర ఉండిపోయింది. ఇక్కడితో మూసేస్తున్నాం" అన్నాడు. శరణ్య ఆ మాట కూడా రాసి పంపమంది. పంపారు.

కారు దక్కింది, పర్చీలూ ఆగకుండా వస్తున్నాయి. ఇక రోజులు మామూలుగానే గడుస్తాయనుకుంది. ఫిబ్రవరిలో ఒక పొద్దున, ఆఫీసుకు బయల్దేరుతూ బన్వారీ చేతిలోంచి తనే చీటీ అందుకుంది. ఓల్డ్ రాజిందర్ నగర్‌దే. కానీ తేదీ మరుసటేడు జులై పద్నాలుగు, శనివారం. అప్పటికి కోచింగు అయిపోయింది. అది ఫలితాలు వచ్చిననాటిది. తను గది తలుపేసుకుని పడుకున్న రోజు. మెట్లమీదే నిలబడి వెనక్కి తిప్పింది.

"అమ్మాయి తప్పినది. కోచింగు సంస్థకు పోయి తదుపరి బ్యాచి వివరములు తీసుకొనడమైనది. ఫీజు సిద్ధము. అమ్మాయి అడిగిననాడు ఇవ్వవలెను. అడగనియెడల ఒత్తిడి చేయరాదు. అంతవరకు ఫైలు తెరచియే ఉంచవలెను. వీ.రా."

ఆయన ఆరేళ్లు కనిపెట్టుకుని ఉన్నాడు. తను అడగలేదు. ఒత్తిడి చేయకూడదని తనకు తనే రాసుకున్న మాట, పోయేదాకా జవదాటలేదు. ఆమె మెట్లమీద కూలబడి, పక్కనుంచి దిగుతున్న చడ్డా ఆంటీ ఆగి తల నిమురుతున్నా పట్టించుకోకుండా, గట్టిగా ఏడ్చింది. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టింది. వయసు లెక్కచూస్తే పరీక్షకు ఇదే ఆఖరు ఏడాది. దరఖాస్తుకు ఇంకా వారం గడువుంది. మధ్యాహ్నానికల్లా నింపి పంపేసింది.

పరీక్ష ఎండాకాలంలో ఒక ఆదివారం పడింది. సెంటరు ఓల్డ్ రాజిందర్ నగర్ పక్కనున్న బడిలో. ఆ పొద్దున బన్వారీ పైకి రాలేదు, వైపరు కింద ఏమీ లేదు. అయినా సరోజిని లేచి కాఫీ పెట్టింది. ముందు రెండు వారాలూ కాలనీ చుట్టూ తిప్పి చెయ్యి అలవాటు చేసుకున్న శరణ్య, నీలం కారు తనే నడిపింది. సరోజిని పక్కసీట్లో మంచినీళ్ల సీసా, విసనకర్ర పెట్టుకుని కూచుంది.

సందు మొగలో అదే పార్కింగు. మనిషి వచ్చి చీటీ చింపి చేతికిచ్చాడు.

"నువ్వు ఇంటికి వెళ్లిపో అమ్మా, ఆటో మాట్లాడతాను. ఎండలో సాయంత్రం దాకా ఎక్కడ కూచుంటావు?"

"నేనెక్కడికీ వెళ్లను. నువ్వెళ్లి రాసుకో, నావైపు చూడకు" అంది సరోజిని. అద్దం దించుకుని, కూతురు రోడ్డు దాటబోతుంటే మళ్లీ పిలిచింది. చీటీ వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టుకుని ఉంది.

"ఒక పెన్ను ఇచ్చి వెళ్లవే."