మెడ ఆపరేషన్

"బాడీల మీద తువ్వాల కప్పు పిల్లా, గల్లీ అంత సూస్తాంది" అంది మా అత్త నర్సవ్వ, మేడ మీద నేను బట్టలు ఆరేస్తుంటే.

తీగ మీద అప్పటికే మా ఆయన చెడ్డీలు నాలుగు వరసగా ఊగుతున్నాయి. వాటిని ఈ కడోదరా ఊరు మొత్తం వచ్చి చూసినా పరువు పోదు. నా బ్రాలు మాత్రం తువ్వాల కింద, ఎండా గాలీ తగలకుండా, దొంగసరుకులా ఆరాలి. అవి ఎప్పుడూ పూర్తిగా ఆరేవి కావు. తడి బ్రా మీద పొడి జాకెట్టు వేసుకుని పనికి పోవడం నాకు పదేళ్ళ అలవాటు. సైజు చెప్పను. షాపులో చెప్పినప్పుడల్లా అమ్మేవాడు తలెత్తి, అటక మీద ఉన్నవాడికి "సబ్సే బడా నికాల్" అని, అన్నిటికంటే పెద్దది తియ్యమని అరిచేవాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు కూడా ఒకసారి ఆగి చూసేవాళ్ళు.

మేము సిరిసిల్ల వైపు నుంచి ఈ గుజరాతీ ఊరికి వచ్చిన మగ్గాల వాళ్ళం. మా ఆయన రాజనర్సు పవర్‌లూమ్ కార్ఖానాలో మిస్త్రీ. ఆగిపోయిన మగ్గం మీద చెవి ఆనించి రోగం చెప్పగలడు. నేను చీరల చెకింగ్ చేస్తాను. రోజంతా టేబుల్ మీదికి వంగి, వచ్చిన ప్రతి చీరలో మరకల దాగులు, తెగిన పోగులు వెతకాలి. మొదట ముందు టేబుల్ దగ్గర ఉండేదాన్ని. ఒకరోజు సూపర్‌వైజర్ ఓంప్రకాష్ వచ్చి, ఎదురుగా ప్యాకింగ్ చేసేవాళ్ళ చూపు పని మీద నిలవడం లేదని, నన్ను వెనక టేబుల్‌కి మార్చాడు. చూసింది వాళ్ళు, ఫ్యాను లేని మూలకి పోయింది నేను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన చాలాసేపు ఆలోచించి, "కొంగు జర మంచిగ కప్పుకోరాదు" అన్నాడు. పదమూడేళ్ళప్పుడు మా అమ్మ వంగి నడవమంది. పెళ్ళిచూపుల్లో ఎవరో ఆవిడ "పిల్ల నిండుగ ఉన్నది" అని మెచ్చుకుంది. ఇంతకీ వంగాలో నిండుగా ఉండాలో, ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చినా నాకు తేలలేదు. తేలిందల్లా మెడనొప్పి, భుజాలు లాగడం, ఎండాకాలం వస్తే రొమ్ముల కింద చెమట చేరి చర్మం ఒరుసుకుపోవడం. నెలకి రెండు పౌడరు డబ్బాలు అయ్యేవి. "పెండ్లికి పోతున్నవా, గింత పౌడరెందుకు?" అని మా అత్త ఆరా తీసేది.

ఎముకల డాక్టర్లు ముగ్గురికి చూపించుకున్నాను. ముగ్గురూ నా మెడ వెనకే చూశారు. తలగడ తీసెయ్యమన్నాడు ఒకాయన. తలగడ మార్చమన్నాడు ఇంకొకాయన. బరువులు మోయొద్దన్నాడు మూడో ఆయన. నేను మోస్తున్న బరువు ఆయన ఎదురుగానే ఉంది, కానీ మర్యాదస్తుడు, చూడలేదు. "పని తక్కువ జెయ్యమన్నడు గదా డాక్టరు, జేస్తలేవు నువ్వు" అని ఇంటికి రాగానే మా ఆయన కోప్పడ్డాడు. వెంటనే, "జర చాయ్ పెట్టు" అన్నాడు.

చివరికి అసలు సంగతి కనిపెట్టింది ఫిజియోథెరపీ చేసే ఒక గుజరాతీ పిల్ల. భుజాలు నొక్కుతూ ఆగిపోయింది. బ్రా పట్టీలు దిగిన చోట నాకు రెండు గుంటలున్నాయి, వేలు పెడితే కుదురుగా కూర్చుంటుంది. "దీదీ, నీ మెడది ఏం తప్పు లేదు" అని, ఆల్థాన్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది.

అక్కడ డాక్టర్ హేతల్ బెన్. నా వయసే ఉంటుంది, నాకంటే పొట్టి. టేపు పెట్టి మెడ ఎముక నుంచి కిందికి కొలిచింది, రాసుకుంది, హిందీలో మాట్లాడింది. వాటి గురించి ఒక మనిషి గుసగుస లేకుండా, ముసిముసి లేకుండా, మోకాలి గురించి మాట్లాడినంత మామూలుగా నాతో మాట్లాడడం అదే మొదటిసారి. నాకెందుకో ఏడుపొచ్చింది. ఆవిడ ఒక కాగితం రుమాలిచ్చి, రొమ్ముల బరువు కోసి తగ్గించే ఆపరేషన్‌కి మూడు దారులున్నాయని, ఇంకో కాగితం మీద మూడు బొమ్మలు గీసింది.

మొదటిది ముచ్చిక చుట్టూ ఒక సున్నా. కోత గీత తక్కువే, కానీ తీయగలిగింది కూడా తక్కువే. రెండోది ఆ సున్నా కింద నిలువుగా ఒక గీత. దాన్ని లాలీపాప్ అంటారట. మూడోదానికి ఆ నిలువు గీత చివర, మడత వెంట అడ్డంగా ఇంకొకటి. అది లంగరు. ముచ్చికని విడదీయరు, దాని రక్తనాళాలతో సహా పైకి జరుపుతారు. స్పర్శ తగ్గొచ్చు, ఒక్కోసారి పోవచ్చు కూడా. "గీతలు పోవు. మొదట ఎర్రగా, ఉబ్బుగా ఉంటాయి. ఏడాది, ఏడాదిన్నరకి పాలిపోయి సన్నబడతాయి. ఉంటాయి మాత్రం" అంది. దాచకుండా చెప్పినందుకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఆ కాగితం ఇంట్లో చాప మీద పరిస్తే, పంచాయితీ మొదలైంది.

"ఏంది గివి? లడ్డూలా?" అంది మా అత్త.

మా పిల్ల హారతి పదకొండో తరగతి. ఫోన్లో అప్పుడే అంతా చదివేసింది. "నానమ్మా, లడ్డూలు కాదు, మమ్మీవి" అంది.

మా ఆయన చప్పున కాగితం తిప్పేశాడు, గోడ మీది గడియారం చూస్తుందేమో అన్నట్టు. చాలాసేపటికి మళ్ళీ తిప్పి, వంగి చూసి, మొదటి బొమ్మ మీద వేలు పెట్టాడు. "గీ సున్న మంచిగున్నది. గిదే జేపిద్దాం."

జేపిద్దాం అట. మా ఇద్దరికీ కలిపి ఒకటే ఒళ్ళు ఉన్నట్టు.

"దేవుడిచ్చినయి కోపిచ్చుకుంటరా ఎవలన్న?" అంది అత్త.

"దేవుడిచ్చిన మోతిబిందు నువ్వు తీపిచ్చుకోలేదా అత్తా?"

"గది కండ్లు. బయటికి చెప్పుకునేది." ఆవిడ బాధ అర్థమైంది. కోయడం గురించి కాదు, గల్లీకి ఏం చెప్పాలన్నదే. అందరికంటే ముందు మా ఆయనకి ఉపాయం తట్టింది. "మెడ ఆపరేషన్ అని చెప్దాం" అన్నాడు. మర్నాటికల్లా తెలుగు గల్లీ మొత్తానికి నా మెడ సంగతి తెలిసిపోయింది. మా అత్త మందుల దుకాణానికి వెళ్ళి, అడక్కుండానే, మెడకి కట్టే పట్టీ ఒకటి కొనుక్కొచ్చింది.

రెండోసారి ఆసుపత్రికి మా ఆయన, మా అత్త, నేను వెళ్ళాం. వాళ్ళిద్దరూ నాకు తోడుగా వచ్చారు, నేను తప్పు చేయకుండా.

"సున్నా సరిపోదు" అంది హేతల్ బెన్ మా ఆయనతో. "ఒక్కోవైపు తొమ్మిది వందల గ్రాముల పైనే తీయాలి. సున్నాతో అంత తీస్తే రొమ్ము చదునవుతుంది, గీత సాగి వెడల్పవుతుంది."

"మరి గా రెండోది? లాలీపాప్?"

"చేయొచ్చు. కానీ ఈవిడకి చర్మం ఎక్కువ. కింద మడతలు పడితే మళ్ళీ సరిచేయాల్సి రావొచ్చు. నేనైతే లంగరు అంటాను."

"గీతలు మస్తుంటయి గదా మేడం దానికి" అన్నాడు మా ఆయన, బేరంలో ఓడిపోతున్నవాడిలా. "కనవడ్తయి గదా."

"ఎవరికి?" అంది హేతల్ బెన్.

ఆయన ఫ్యాను వంక చూశాడు.

నా చర్మం ఎలా మానుతుందో తెలియాలంటే పాత గాటు ఏదైనా చూడాలంది ఆవిడ. హారతి పుట్టినప్పటి కడుపు కోత చూపించాను. సన్నగా, తెల్లగా ఉంది. "బాగా మానింది. మీ చర్మం మంచిది" అంది. నేను దాన్ని ఇన్నేళ్ళలో సరిగా చూసుకోలేదు. చూస్తుంటే మాట దానంతటదే వచ్చింది.

"ఇది కోసినప్పుడు సంతకం నువ్వే పెట్టినవు" అన్నాను మా ఆయనతో. "గీత అడ్డమా నిలువా అని అడిగినవా?"

ఆయన ముఖం పాలిపోయింది. చాలా నెమ్మదిగా, "గప్పుడు నువ్వు బతుకుతవో లేదోనని భయమైంది. గీతలెవడు సూసిండు" అన్నాడు. "గిప్పుడు గూడ భయమే అయితాంది. గట్ల చెప్పరాక, గీత గీత అంటున్న."

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన నాతో చెప్పిన అతి పెద్ద మాట అదే. ఆయన చెయ్యి మీద చెయ్యి వేశాను.

హేతల్ బెన్ గొంతు సవరించుకుని, పొగాకు అలవాటుందా అని అడిగింది. పొగాకు ఉంటే గాయం మానదట. లేదన్నాను. అడిగింది నన్నే, కానీ మా అత్త చెయ్యి బొడ్లోని తంబాకు సంచి మీదికి వెళ్ళింది. ఆ వెళ్ళిన చెయ్యి అక్కడ ఆగలేదు. నెమ్మదిగా పైకొచ్చి, జాకెట్టు భుజం పక్కకి లాగింది.

"జర గిది సూడు బిడ్డా" అంది డాక్టర్‌తో, తెలుగులోనే. "నాది నలభై ఏండ్ల గుంట. ఆడోళ్ళందరికి ఉండేదే అనుకున్న."

నేను తర్జుమా చేయాల్సిన పని లేకపోయింది. హేతల్ బెన్ లేచి వచ్చి ఆ గుంటలో వేలు పెట్టి చూసింది. షుగరు ఉందా అని అడిగింది. ఉంది. తంబాకు మానేసి, షుగరు తగ్గించుకుని వస్తే అప్పుడు మాట్లాడదామంది. మా ఆయన గోడకున్న టీకాల పట్టికని పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా పూర్తిగా చదివాడు.

"దీనికి లంగరే ఎయ్యి" అని తీర్పు చెప్పింది మా అత్త. "గీతలు ఎన్నయిన గానీ. బరువు దిగాలె."

నర్సు కాగితాలు తెచ్చి అలవాటు కొద్దీ మా ఆయన ముందు పెట్టింది. నేను వాటిని నా వైపు జరుపుకున్నాను. లంగరు అన్నచోట సంతకం చేశాను. అత్త చెప్పినందుకు కాదు. అందరికంటే ముందు, ఆ బొమ్మ గీసిన రోజే, బస్సులో కూర్చుని అది నేను ఎంచుకున్నాను.

ఆపరేషన్ పొద్దున నన్ను నిలబెట్టి, ఊదా రంగు పెన్నుతో ఒంటి మీద గీతలు గీసింది హేతల్ బెన్. అంతే నాకు తెలిసింది. కళ్ళు తెరిచేసరికి రొమ్ము చుట్టూ కట్లు, గొంతులో ఎండ, మంచం పక్కన హారతి. "మమ్మీ, రెండు వైపులవి కలిపి కిలో ఎనిమిది వందల యాభై. సచ్చీ!" అంది. తీసినదాన్ని పరీక్షకి పంపారు, అందులో రోగం ఏమీ లేదని తర్వాత వచ్చింది. మా ఆయన ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకుని, "ఇన్నేండ్లు మోసినవా?" అన్నాడు. మోయక, అటక మీద పెట్టి పోయానా?

మానడం సులువుగా జరగలేదు. నిలువు గీత, అడ్డ గీత కలిసే చోట ఎడమవైపు కొంచెం విచ్చుకుంది. అలా కావచ్చని డాక్టర్ ముందే చెప్పింది, అయినా అద్దంలో చూసి ఏడ్చాను. మూడు వారాలు రోజూ కట్టు మార్చుకోవాల్సి వచ్చింది. మార్చింది హారతి. ఎర్రటి గీతలు, దురద, సిలికాన్ పట్టీలు. మా అత్త వంట చేస్తూ ప్రతి గరిటెకీ ఒక నిట్టూర్పు కలిపింది.

చూడ్డానికి మొదట వచ్చింది పక్క గల్లీ ఎల్లవ్వ. అరటిపండ్లు తెచ్చింది. చెప్పుల చప్పుడు వినగానే మా అత్త పరుగున వచ్చి నా మెడకి పట్టీ బిగించింది. బాగున్న మెడ అటూ ఇటూ కదలకుండా, పుండు మీద దుప్పటి కప్పుకుని, పది నిమిషాలు కూర్చున్నాను. "ఎక్కడ కోసిండ్రు?" అని ఎల్లవ్వ నా మెడ చుట్టూ తిరిగింది, పట్టపగలు దీపం పట్టుకుని వెతికినట్టు. నాకు నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. పట్టీ తీసి మంచం మీద పడేశాను.

"మెడ కాదు ఎల్లవ్వా. రొమ్ములు తగ్గిపిచ్చుకున్న."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఎల్లవ్వ కొంగు సర్దుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళింది కూడా, తలుపు దాకా. గడియ పెట్టి, వెనక్కి వచ్చి కూర్చుంది. "జర సూపెట్టు" అంది.

చూపించాను. చాలాసేపు చూసి, "నాకు గూడ మెడ గుంజుతది" అంది మెల్లగా.

ఆ వారంలో గల్లీలో చాలామందికి మెడ గుంజింది. ఒక సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో ఎనిమిది జతల చెప్పులున్నాయి, తలుపు గడియ పెట్టి ఉంది. తన ఇంటి బయట తనే అరగంట నిలబడ్డాడు పాపం.

మూడో నెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు హేతల్ బెన్ గీతల మీద వేలు రాసి, మెత్తబడుతున్నాయంది. ఇక బోర్లా పడుకోవచ్చంది. నేను సరిగా వినలేదేమోనని మళ్ళీ అడిగాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం కుక్కర్ పొయ్యి మీద పెట్టి, ముందు గదిలోకి వచ్చాను. గచ్చు చల్లగా ఉంది. పదమూడో ఏడు తర్వాత నేను బోర్లా పడుకోలేదు. మొదట మోకాళ్ళ మీద కూర్చున్నాను, తర్వాత చేతులు ఆనించాను, తర్వాత మొత్తంగా, ముఖం పక్కకి పెట్టి, నేల మీద పరుచుకున్నాను. ఒళ్ళు ఎక్కడా అడ్డం రాలేదు. నా గుండె చప్పుడు గచ్చుకి తగిలి నాకే వినిపించింది.

"ఏమైంది? డాక్టర్‌కు ఫోన్ జెయ్యాల్నా?" మా ఆయన కాళ్ళు నా ముఖం ముందు ఆగాయి.

"ఏం కాలే. పండుకున్న."

"గీ యాళకా? అన్నం?"

మూల నుంచి మా అత్త గొంతు వినిపించింది. "పండుకున్నదిరా. నాలుగు సీటీలైనయి, పోయి కుక్కర్ దించు."

ఆయన రెండడుగులు వంటింటి వైపు వేసి ఆగాడు. "ఎట్ల దించుడు? బట్టతోనా, పట్టకారుతోనా?"

కార్ఖానాలో రెండు వందల మగ్గాలకి రోగాలు చెప్పే మిస్త్రీ. నేను ఇంకో చెంప నేలకి ఆనించి, అటువైపు తిరిగి పడుకున్నాను.