మాడిన ఉల్లిపాయల వాసన

శనివారం పొద్దున సామాన్ల కొట్టు ముందు పెనం మీద ఉల్లిపాయలు మాడాయి. అంతే. చేతిలో పటకారు అక్కడే పడేసి, వరసలో నిలబడ్డ జనం మధ్యలోంచి దూసుకుపోయి, నా వ్యానులో కూర్చుని తలుపులు వేసుకున్నాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని. మా ఊరి మంటలార్పే దళంలో పెద్ద ట్రక్కు నడిపే లోర్నా పాస్కోని. ఎవరైనా నవ్వి ఉంటే నాలుగు దులిపేసి మనసు తేలిక చేసుకునేదాన్ని. ఒక్కరూ నవ్వలేదు. అందుకే ఒళ్లు మండింది.

మా దళంలో జీతాలుండవు. నీళ్ల గొట్టాలు కొనాలన్నా ఇలా శనివారాలు మాంసం కూరిన సాసేజీలు కాల్చి, బ్రెడ్డు ముక్కలో పెట్టి అమ్ముకోవాలి. అందరికీ అదో సరదా. నాకు మాత్రం రెండు వేసవుల కిందటి నుంచి పొగ వాసన పడటం లేదు. అప్పుడు గుట్ట మీద గాలి తిరగబడి, మంట మా ట్రక్కు మీదుగా పోయింది. నేనూ మెర్వూ అద్దాలెక్కించుకుని, ఉన్ని దుప్పట్లు కప్పుకుని సీట్ల కింద నక్కి పడుకున్నాం. మెర్వ్ గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషి, నోరు ఊరుకోదు. ఆ రోజు వాడు కూడా మాట్లాడలేదు.

పటకారు పడేసిన రోజు సాయంత్రం మా కెప్టెన్ క్లైవ్ ఇంటికొచ్చాడు. టీ తాగి, కుక్కను నిమిరి, చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. చివరికి అసలు సంగతి బయటపెట్టాడు.

"వేసవిలో మంటలు లేవకుండా చలికాలం ముందు మనమే అడవిలో ఎండుటాకులు తగలబెట్టే రోజుంది కదా. ఆ రోజు నువ్వు నడపగలిగితే వేసవికి బండి నీదే. లేదంటే గెయిల్‌కి ఇస్తాను. నిన్ను బాధపెట్టాలని కాదు లోర్నా. వెనక ఎక్కేవాళ్ల ప్రాణాలు నీ చేతిలో ఉంటాయి."

తిట్టడానికి నోరు తెరిచాను గాని, అతను చెప్పింది నిజం. గెయిల్ మంచి పిల్లే, కాదనను. అయితే ఆమె గేరు మారిస్తే బండి ఏడుస్తుంది. నా బండి నాకు కావాలి. దానికోసం ఏ గడ్డి కరవమన్నా కరుస్తాననుకున్నాను.

మెర్వ్ అప్పటికే ఒక గుంపులో చేరి బాగుపడ్డాడు. మంటల్లో చిక్కుకుని బయటపడ్డవాళ్లంతా చర్చి హాల్లో గుండ్రంగా కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు. వాడు అక్కడ అందరి ముందూ ఏడ్చి, ఇంటికొచ్చి నిద్రపోవడం మొదలుపెట్టాడు. నేనూ వెళ్లాను. నా వంతు వచ్చినప్పుడు "నాకేం, బాగానే ఉన్నాను" అనేసి, కేకు తిని వచ్చేశాను. తర్వాత కౌన్సెలింగ్ చేసే ఒక పెద్దాయన ఫోనులో మా అమ్మ గురించీ చిన్నతనం గురించీ అడిగేవాడు. ఆ మంట పెట్టింది మా అమ్మ కాదని చెప్పాను. ఆయన కోప్పడలేదు. అలా మాట్లాడగా మాట్లాడగా, మా ఇంట్లో భయం అనే మాటే ఎవరూ పలికేవాళ్లు కాదని నాకే గుర్తొచ్చింది. ఆయన దగ్గరే మొదటిసారి "భయంగా ఉంది" అన్నాను. ఆ మాట నా నోట వచ్చాక, ఇక మీకు కావలసిన మనిషి వేరే ఉందని నన్ను భయాలకు వైద్యం చేసే ఇమోజెన్ దగ్గరికి పంపాడు.

ఇమోజెన్‌ది మా మేనకోడలి వయసు. తియ్యటి మాటలు లేవు, నాకు నచ్చింది.

"మీరు పారిపోయిన ప్రతిసారీ, పారిపోయాను కాబట్టే బతికానని మీ ఒళ్లు అనుకుంటుంది" అంది. "పారిపోకుండా నిలబడండి. భయం ఎక్కుతుంది, ఇంకా ఎక్కుతుంది, ఆఖరికి అలిసిపోయి దానంతటదే దిగుతుంది. అది దిగడం మీరు చూడాలి."

అందుకు మెట్లు కట్టింది. ముందు అగ్గిపుల్ల. తర్వాత డబ్బాలో కాల్చిన యూకలిప్టస్ ఆకులు, ఆ తర్వాత పక్కింటివాళ్ల పొయ్యి. ఆఖరి మెట్టు సాసేజీల పెనం. ఎక్కడికక్కడ భయం పదికి ఎంతో చెప్పాలి. నేను రెండు, రెండు, ఒకటి అని చెప్పుకుంటూ చకచకా ఎక్కేశాను. చూశారా నా సత్తా అన్నట్టు కూర్చుంటే ఆ అమ్మాయి ముఖంలో సంతోషమే లేదు. భయం దిగినట్టు లేదు, అసలు ఎక్కినట్టే లేదు అంది. శనివారం తనూ కొట్టు దగ్గరికొస్తానంది.

వచ్చింది. ఉల్లిపాయలు ఎక్కువ పెట్టించుకుని సాసేజీ కొనుక్కుని, పెనం దగ్గర నా పక్కన నిలబడి తింటూ, ఎంత అని అడిగింది. ఒకటి అన్నాను. దగ్గరికి వంగి ముక్కు చిట్లించింది.

"ఈ ఘాటేంటి?"

"బామ్. చచ్చిన గొర్రెను ఎత్తేటప్పుడు ఇక్కడ అందరం ముక్కు కింద రాసుకుంటాం. కంపు తెలీదు."

"అగ్గిపుల్ల దగ్గర్నుంచీ?"

"దగ్గర్నుంచే. నువ్వు అడగలేదుగా."

మోసమని నాకు తోచనే లేదు. కంపు పనికి బామ్, ముళ్ల పనికి చేతితొడుగులు. మా వైపు పుట్టిన ఎవరైనా అలాగే చేస్తారు. ఇమోజెన్ తిట్టలేదు. నేను ఎక్కిన మెట్లన్నీ బామ్ ఎక్కిందని మాత్రం చెప్పింది. నాకు చిర్రెత్తింది. పని జరుగుతోందా లేదా? ట్రక్కులో కూడా రాసుకుంటాను, ఎవడికి నష్టం అన్నాను.

"ఆ రోజు గుట్ట మీద గాలి తిరిగిందని ముందు ఎవరికి తెలిసింది?" అంది.

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న మెర్వ్ కత్తి ఆపాడు.

"దీనికే తెలిసింది. రేడియోలో ఇంకా ఏమీ రాలేదు. పొగ వాసన మారింది, బండెక్కి చావరా అని అరిచింది. అరవకపోతే నేను గొట్టం పట్టుకుని బయటే ఉండేవాణ్ణి."

మమ్మల్నిద్దర్నీ బతికించింది నా ముక్కు. దాన్నే నేను పనికిరాకుండా చేసుకుంటున్నాను.

కొళాయి దగ్గరికెళ్లి, గిన్నెలు తోమే సబ్బుతో మూతి కడుక్కున్నాను. తిరిగొచ్చి పటకారు అందుకున్నాను. ఉల్లిపాయలు మాడాయి. నాకు చచ్చేంత భయం వేసింది. ఊపిరి అందలేదు. నా వ్యాను అక్కడే, నాలుగడుగుల్లో కనిపిస్తోంది.

"ఎంత?" అంది ఇమోజెన్.

"పది. నోర్మూసుకో."

మూసుకుంది, కాని కదల్లేదు. నేనూ కదల్లేదు. బేకరీ ముసలమ్మకి సాస్ వెయ్యబోతే గురి తప్పి ఆమె స్వెట్టరు మీద పడింది. "నన్నే సాసేజీ అనుకున్నావా ఏంటే" అని ఆమె విసుక్కుంది. పోనీ వెళ్లిపోదామా అని ఒకసారి, చస్తే వెళ్లను అని ఒకసారి అనుకుంటూ, ఒకదాని తర్వాత ఒకటి సాసేజీలు తిప్పుతూనే ఉన్నాను. బ్రెడ్డు అయిపోవచ్చేసరికి ఊపిరి ఆడుతోందని గమనించాను. పొగ అలాగే ఉంది. భయమే దిగింది. దానంతటదే దిగింది. అది తెలిసి ఏడుపు ఆగలేదు.

"తరిగింది నేను, ఏడుపు నీకా?" అన్నాడు మెర్వ్.

ఆ తర్వాత అగ్గిపుల్ల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఉత్త ముక్కుతో.

ఆకులు తగలబెట్టే రోజు బామ్ డబ్బాను గొర్రెల కొట్టంలో వదిలేసి వెళ్లాను. మా వాళ్లు ముగ్గురు దిగి కొండవాలున నిప్పు పెట్టుకుంటూ పోతున్నారు. పొగ బండిలోకొచ్చింది. నా గుండె దడదడలాడింది. మెర్వ్ నా వంక చూసి అద్దం ఎక్కించబోయాడు.

"ఉండనీ" అన్నాను.

కాసేపటికి ఎండుటాకుల పొగలో పచ్చి ఆకు ఘాటు కలిసింది. గాలి పచ్చని చెట్ల వైపు నుంచి తిరిగితే తప్ప ఆ ఘాటు రాదు. రేడియో తీసి, గాలి తిరుగుతోంది, మనవాళ్లని వెనక్కి పిలవమని క్లైవ్‌కి చెప్పాను. తనకేమీ తెలియడం లేదన్నాడు.

"సరే. లోర్నా చెప్పింది చాలు. అందరూ వెనక్కి రండి" అన్నాడు.

ముగ్గురూ ఎక్కేసరికి పొగంతా మా వైపు వంగింది. భయం ఇంకా దిగలేదు. గేరు వేశాను. బండి ఏడవలేదు.