ఎలుగుల కావలి

సిద్ధిరాములుది ఎలుగుల లెక్క చూసే కొలువు. ఎల్లారెడ్డి అవతల, సర్కారు వేటకు అట్టిపెట్టుకున్న గుట్టల్లో ఒంటరి గుడిసె. ఎలుగుకు ఇప్పపువ్వంటే ప్రాణం. అందుకే పువ్వు రాలే కాలంలో సాయంత్రాలు చెట్ల కింద ఊడ్చి మెత్తటి దుబ్బమన్ను చల్లుతాడు. తెల్లారి అడుగులు చూసి, అడవి మీద అధికారి, జంగలాత్ అమీను యాకూబుకు చెప్పాలి. సర్కారు కొలువని పేరేగానీ, పలకరించే దిక్కుండదు.

భార్య సాలవ్వ అక్కడ ఒక్క ఏడాది ఓర్చుకుంది. "నాతోని కాదు. ఎలుగులు లేవన్ననాడు నీ కొలువు ఎత్తేస్తరు గదా, గప్పుడు మనింటికి వస్త" అని బీర్కూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టలేదతను. ఒక్కడే కూర్చుని తినేటప్పుడు మాత్రం ముద్ద దిగేది కాదు.

జర్మనీ యుద్ధం మొదలైన మరుసటి వేసవి, పువ్వు రాలుతున్నా దుబ్బ మీద ఒక్క అడుగూ పడలేదు. "ఈ వారం గిట్లనే ఉంటే చెట్లు ఊరోళ్లకు ఇడిచిపెడ్త, పువ్వేరుకుంటరు. నువ్వు ఇంటికి పో" అన్నాడు యాకూబు. సిద్ధిరాములు ఆగగలడా? ఇంటికొస్తున్నానని సాలవ్వకు బీర్కూరు బండివాళ్లతో ఆ పూటే కబురంపాడు.

వారం ముగిసే పొద్దున అడుగులు కనిపించాయి. పెద్దవి, పక్కనే చిన్నవి. పిల్లతల్లి. సాలవ్వకు పంపిన కబురు తలుచుకుని, కాలితో చెరిపేశాడు. పువ్వు ఏరేవాళ్లు గుంపుగా వస్తారు, అలికిడికి అదే పోతుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"ఏం లేవు సాబ్" అన్నాడు. పువ్వేరుకోవచ్చని ఊళ్లల్లో డప్పు వేశారు.

మర్నాడు వెలుగు రాకముందే ఆడవాళ్లు గంపలతో గుట్టెక్కారు, వెంట అమీను. అందరికన్నా ముందు సాలవ్వ.

"నువ్వొచ్చేదాక ఆగబుద్ధి కాలే. పువ్వేరుకొని కల్సి పోదం" అంది నవ్వుతూ.

ఊరి ఆడవాళ్లకైతే అలికిడి చాలనుకున్నాడు గానీ, తన ఆలి చెట్ల వైపు అడుగేసేసరికి సిద్ధిరాములు ఉరికాడు. చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"పోవద్దు. పిల్లతల్లి ఉన్నది. నిన్న అడుగులు చూసిన."

యాకూబు మొహం గంటు పెట్టుకున్నాడు. "అయితే నీ కొలువు గిక్కడనే" అన్నాడు. ఆడవాళ్లు తిట్టుకుంటూ మళ్లారు.

సాలవ్వ కదల్లేదు. "ఏవీ, సూపియ్యి."

చూపించడానికి నేల మీద ఏముంది? తనే చెరిపాడాయె. చెట్లు వదిలేశారు కదాని రాత్రి దుబ్బ కూడా చల్లలేదు.

"చెరిపేసిన" అన్నాడు.

"నన్ను రావద్దంటే సరిపోతుండె గదా" అంది సాలవ్వ, మెల్లగా. "గీ లేని ఎలుగు ముచ్చట ఎందుకు?"

ఆమె గుట్ట దిగుతుంటే వెనక వెళ్లాలనుకున్నాడు, వెళ్లలేకపోయాడు. చెట్ల వెనక పొదల్లో ఎండుటాకులు గలగలమన్నాయి. వినడానికి ఆమె అక్కడ లేదు. సిద్ధిరాములు కూర్చుని ఏడ్చాడు.