రూప్లా మోసిన పెట్టె

రూప్లా థర్మకోల్ పెట్టె మూతకు రెండో చుట్టు టేపు వేసి గడియారం చూసుకున్నాడు. పదిన్నర. లోపల మూడు గొట్టాల్లో ముత్తక్క నెత్తురుంది. ములకలపల్లి దాటి ఉన్న ఈ గూడెం నుంచి నాలుగు గంటల్లో అది ఖమ్మం ల్యాబుకు చేరాలి. అందులోని కణాలు బతికుండాలి.

"టీబీ వచ్చింది మా ఆయనకు. నా నెత్తురెందుకన్నా?" అంది ముత్తక్క.

"నీకు రాలేదు గదా, అందుకే చెల్లె. నువ్వు గూడ నా లెక్కనే."

రూప్లా యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎండకు కమిలిన మెడ, కాయలు కాసిన అరచేతులు. మూడేళ్లుగా పరిశోధన వాళ్లకు నమూనాలు మోస్తున్నాడు. ఒక్కటీ చెడిపోలేదు. ఆ పరిశోధనకు ఇదే ఆఖరి నమూనా.

పదకొండేళ్ల కిందట అతని భార్య కమ్లీ టీబీతో పోయింది. ఒకే కంచంలో తిన్నారు, ఒకే చాప మీద పడుకున్నారు. అతనికి దగ్గయినా రాలేదు. కారేపల్లి దగ్గరి వాళ్ల తండాలో పెండ్లాన్ని మింగినోడన్నారు. తన ఆరోగ్యానికి తనే సిగ్గుపడి, ఏళ్ల తరబడి తలవంచుకు తిరిగాడు.

దారిలో వాగు రోడ్డెక్కింది. ఇవతల జీపులు ఆగిపోయాయి. రూప్లా తన మోటారుబండిని ఒక ఇంటి ముందు పెట్టి, పెట్టెను నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగాడు. తొడల దాకా వచ్చిన నీరు పక్కకు లాగుతుంటే, పాదంతో తడిమి తడిమి అడుగు వేశాడు. అవతల వెనక్కి తిరుగుతున్న పాలవ్యానుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర జాగ ఇయ్యి తమ్మీ. ఇందుల పానముంది."

రెండూ పదికి ల్యాబు చేరాడు. శాస్త్రవేత్త హైమ ఒక చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసి నవ్వింది.

"బతికే ఉన్నాయి రూప్లా గారూ. రండి, మీకొకటి చూపించాలి."

ఆమె రంగు వేసిన మరో స్లైడు పెట్టింది. రూప్లా కళ్లజోడు తీసి పక్కన పెట్టి వంగాడు. నీలి కణంలో సన్నటి ఎర్ర పుల్లలు.

"ఆ ఎర్రవి టీబీ క్రిములు. మనల్ని కాపాడే కణంలోనే దూరి దాక్కుంటాయి. అప్పుడా కణం తోటి కణాలకు సంకేతం పంపాలి. కొందరిలో క్రిమి ఆ సంకేతాన్నే నొక్కేస్తుంది. మీలాంటి వాళ్లలో నొక్కలేకపోతోందని మాకు కనబడుతోంది. ఆ కణం మీదే. మొదటేడు మీరిచ్చిన నెత్తురులోది; క్రిముల్ని ల్యాబులో మేమే కలిపాం."

రూప్లా కన్ను సూక్ష్మదర్శినికే ఆనించి అన్నాడు.

"అంటే నాది కేకేసింది. కమ్లీదాన్ని ఆ క్రిమి కేకెయ్యనియ్యలే."

"అలాగే అయి ఉండొచ్చు."

"కమ్లీ తప్పు లేదు గద మేడమ్?"

"లేదు. మీ తప్పూ లేదు."

రూప్లా నిటారుగా నిలబడ్డాడు. రిజిస్టరులో ఆఖరి సంతకం పెట్టాడు; పేరు మొత్తం, పెద్ద అక్షరాలతో. "తండల అందరికీ నేనే చెప్త," అన్నాడు. తడి పంచెతోనే, తల ఎత్తుకుని, కారేపల్లి బస్సుకు వెళ్లిపోయాడు.

సాయంత్రం హైమ బల్ల సర్దుతుంటే సూక్ష్మదర్శిని పక్కన కళ్లజోడు కనిపించింది. ఒక కాడకు నల్లదారం చుట్టి ఉంది; అద్దాల మీద వాగునీటి మరకలు అలాగే ఉన్నాయి.