అయస్కాంతం అంటని రేకు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: పావగడ బజారులో మా నాన్న పెట్టిన స్టీలు సామాన్ల అంగడి, గడప పక్కన కొత్తగా ఖాళీ అయిన ఒక అర, డిగ్రీ ముగించి రోజంతా రంగు కాగితాలు కత్తిరించే కూతురు స్ఫూర్తి. ఆ అరలో కుక్కర్లు పెట్టాలని నా లెక్క. తన కాగితపు పనులు పెట్టి అమ్మాలని దాని పట్టు. గడప పక్క అర అంటే అంగడికి ముఖం, ముఖానికి కాగితం అతికిస్తామా అన్నాను. చివరికి నా భార్య మంగళ బేరం కుదిర్చింది. స్ఫూర్తి ఒక్క ఆర్డరు పట్టి, తీసుకున్నవాళ్లు మెచ్చుకుంటే అర దానిది. లేదంటే కుక్కర్లది, ఇక ఆ మాట ఎత్తకూడదు.

ఆర్డరు నా గిరాకీ నుంచే వచ్చింది. బలసముద్రం ఓబళప్ప గొర్లు కాసిన మనిషి. చేను సోలారు కరెంటు కంపెనీకి లీజుకిచ్చి కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి సామాన్లు కొనడానికి భార్య కరియమ్మతో వచ్చి, స్ఫూర్తి చేసిన కాగితపు పూలు చూసి, తన పాత చేను, గొర్లు కనపడేట్టు చేసి, మీద పాత ఫొటోలన్నీ పెట్టుకునే పలక ఒకటి చేసిస్తావా అని అడిగాడు. ఫ్రేములు కట్టించి మేకులకు తగిలించరాదా అన్నాను.

"మేకుకు తగిలిస్తే ఆడనే ఉండిపోతారు శెట్టీ. మా బావమరిది వెంకటరామప్ప ఉండాడే, ఆర్నెల్లు మాట్లాడతాడు, ఆర్నెల్లు మాట్లాడడు. మాట్లాడినప్పుడు పైకెక్కించాల, మాట్లాడనప్పుడు గొర్ల పక్కన పెట్టాల. జరిగేది కావాల."

"ఆయప్ప ఇంట్లో నీ ఫొటో యాడుండాదో," అంది కరియమ్మ.

ఫొటోల వెనక చిన్న అయస్కాంతపు బిళ్లలు అతికిస్తే రేకు మీద ఎటంటే అటు జరుపుకోవచ్చని స్ఫూర్తి చెప్పింది. మంచి రేకు కావాలంది, తనూ వస్తానంది. రేకుల సంగతి నాకు తెలియనిదా అని ఒక్కణ్ణే సిద్దప్ప పాత సామాన్ల అంగడికి పోయాను.

స్టీలు వ్యాపారంలో మా నాన్న నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. అయస్కాంతం అంటుకుంటే నాసిరకం, అంటుకోకపోతే మేలు సరుకు. నా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉంటుంది. సిద్దప్ప దగ్గరున్న రేకులన్నిటికీ ఆనించి చూసి, అంటుకున్నవన్నీ పక్కకు తోసి, అంటనిది ఏరుకున్నాను. దేనికి శెట్టీ అని సిద్దప్ప అడిగాడు. పని చెబితే అమ్మేవాడు ధర పెంచుతాడు, అందుకని ఇంట్లోకి అని మాత్రం అన్నాను.

స్ఫూర్తి దాని మీద నీలం కాగితం పరిచింది. పచ్చకాగితపు చీలికలు పుల్లకు చుట్టి వేరుశెనగ చెట్లు చేసింది, తెల్లకాగితం నలిపి గొర్లను చేసింది. గృహప్రవేశానికి ముందు రోజు మధ్యాహ్నం తుమకూరు బస్సులో అయస్కాంతపు బిళ్లలు వచ్చాయి. మొదట స్ఫూర్తి, కరియమ్మ పెండ్లి ఫొటోకు బిళ్ల అతికించి పలక మీద పెట్టింది. ఫొటో జారి నేల మీద బోర్లా పడింది. ఇంకోసారి పెట్టినా అంతే.

"నాన్నా, ఈ రేకు ఎట్ల చూసి తెచ్చినావు?"

"అయస్కాంతం పెట్టే చూసినా. ఒక్క రవ్వ కూడా అంటలేదు," అన్నాను గర్వంగా. ఆ మాట నా చెవికి వినపడ్డాకే నాకు అర్థమైంది. మంగళ నవ్వి నవ్వి స్టూలు మీద కూలబడింది.

స్ఫూర్తి నవ్వలేదు. రేకు మారుద్దామంటే అతికించిన కాగితమంతా చిరుగుతుంది. తెల్లవారితే గృహప్రవేశం. దాని అర చేజారిపోతోందని దానికి తెలుసు, నాకూ తెలుసు. అంగడంతా ఒకసారి కలయజూసి అడిగింది.

"మన అంగట్లో నాసిరకం ఏముండాది?"

గిరాకీ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి చెప్పాను. గిన్నెలు అమ్ముడుపోయాక మిగిలిన చిన్న మూతలు, అయస్కాంతం అంటుకునే నాసిరకం, అటక మీద ఒక మూటెడు ఉన్నాయి. వాటిని ఎవరికీ చూపించను. స్ఫూర్తి దించమంది. ఒక్కో మూతను పలక మీద గమ్ముతో అంటించి, చుట్టూ పసుపు కాగితపు పూరేకులు పేర్చింది. పొద్దుతిరుగుడు పువ్వయింది. నడుమ ఫొటో పెడితే గట్టిగా పట్టుకుంది. నేను పక్కన కూర్చుని మూతలు పరీక్షించాను. అంటనిది ఒకటి దొరికితే పనికిరాదని విసిరేశాను. మా నాన్న చూస్తే ఏమనేవాడో.

మర్నాడు గృహప్రవేశంలో ఓబళప్ప పలక ముందుకు వచ్చాడు. వెంకటరామప్ప ఫొటో అన్నిటికన్నా అడుగున, గొర్ల పక్క పువ్వులో ఉంది. తీయబోతే రాలేదు, గోరు పెట్టి లాగాల్సి వచ్చింది.

"మనిషి కంటే ఫొటోనే గట్టిగా పట్టుకొనింది," అన్నాడు.

"అట్లయితే పైన పెట్టు బావా, భోంచేసి పోతా," అన్నాడు వెనక నుంచి వెంకటరామప్ప. ఆయన ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

ఓబళప్ప అతన్ని అన్నిటికన్నా పై పువ్వులో పెట్టి, బాగుండాది తల్లీ అని స్ఫూర్తితో అన్నాడు. తిరుమణి నుంచి వచ్చిన చుట్టాలామె తనకూ అట్లాంటిదే కావాలంది, మూతలతోనే కావాలంది. స్ఫూర్తి వాళ్ల వైపు చూడలేదు, నా వైపు చూసింది. కుక్కర్లు లోపల పెట్టుకుంటాలే అన్నాను.

ఇక లెక్క. పోయినవి గడప పక్క అర, ఒక మేలైన రేకు, సిద్దప్ప ముందు నా పరువు. రేకు దేనికో తెలిశాక ఈ కథ బజారంతా చెప్పింది ఆయనే. వచ్చినవి ఖాళీ అయిన అటక, స్టీలుతో పనిలేకుండా గడప దాకా వచ్చే ఆడవాళ్లు, నేను సరుకు కొనబోతే "దేనికో చెప్పి కొను నాన్నా" అని అడ్డుపడే మనిషి ఒకరు. ఇన్నేళ్లూ అంగట్లో లేనిది ఆ మనిషే.